కదలని రాతిబల్ల

ఆ ఇంట్లో కిరాయికి దిగిన రెండో వారంలోనే మా ఇంటి ఓనరమ్మ మోటరు మీద అరచెయ్యి ఆనించి, "ఇగ దీని పని అయిపోయింది" అంది. సంపులోంచి పైన ట్యాంకులోకి నీళ్లెక్కించే మామూలు మోటరు అది. నాకు తెలిసినంతలో రోజూ ఎలా తిరుగుతుందో ఆ రోజూ అలాగే తిరుగుతోంది. ఆమె లోపలికి వెళ్లి పొడుగాటి స్క్రూడ్రైవర్ తెచ్చి, దాని కొసను మోటరుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే వంగి నిలబడింది.

"ముందటి బేరింగు మేడం. ఇంకో పది రోజులు లాగుతది. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక విప్పి చూస్త."

ఆ ఆదివారం ఏదో పని పడి ఆమె విప్పలేదు. తొమ్మిదో రోజు పొద్దున నేను స్నానానికి వెళ్తుంటే మోటరు గీరుకుపోతూ ఆగిపోయింది. ఆమె నన్ను చూసి, "ఒక్క రోజు తప్పు చెప్పిన" అని నొచ్చుకుంది. అప్పటినుంచి ఆమెను నేను వేరే కళ్లతో చూడడం మొదలుపెట్టాను.

మాది కూసుమంచి దగ్గర ఊరు. ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చి, మణుగూరులో ఆడపిల్లల డిగ్రీ కాలేజీకి వేశారు. చుట్టూ బొగ్గు గనులు, వాటి అవతల అడవి. పినపాక వైపు నుంచి, గోదావరి ఒడ్డు ఊళ్ల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చేవాళ్లు. మా ఓనరమ్మకు యాభై ఏళ్లుంటాయి. భర్త గనిలో పనిచేస్తూ జబ్బుచేసి పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. మొదట వర్క్‌షాపు ఊడ్చే పనిలో పెట్టారు. ఊడుస్తూ ఊడుస్తూ పంపులు విప్పేవాళ్ల పక్కన నిలబడి చూసింది. పానాలు అందించింది. ఏ నట్టుకు ఏ పానా కావాలో అడగకముందే అందించేది కాబట్టి, చివరికి ఆమెను పంపుల సెక్షన్‌లోనే ఉంచేశారు. వానాకాలం గనిలో చేరే నీళ్లను తోడే పెద్ద పెద్ద పంపులు అవి. నేను ఆమెను మొదటి నుంచీ అక్కా అనే పిలిచాను. ఆమె మాత్రం నన్ను మేడం అనేది.

హోలోగ్రామ్ సంగతి క్లాసులో మొదలైంది. ఆ పాఠం ప్రతి ఏడూ చెప్తాను. ఫొటోలో వెలుగు ఎంత పడిందన్నది మాత్రమే నమోదవుతుంది. హోలోగ్రామ్‌లో అలా కాదు. లేజర్ నుంచి నేరుగా వచ్చే వెలుగు, వస్తువుకు తగిలి వెనక్కి వచ్చే వెలుగు ఒకే గాజు ప్లేటు మీద కలుసుకుంటాయి. ఆ కలయికలో పుట్టే సన్నని చారలు ప్లేటులో నిలిచిపోతాయి. తర్వాత ఆ ప్లేటు మీద వెలుగు వేస్తే, వస్తువు అక్కడ లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. తల పక్కకు జరిపితే దాని పక్క భాగం కూడా కనిపిస్తుంది. ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాక, ముందు బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది.

"మీరు చేసిండ్రా మేడం ఎప్పుడన్న?"

లేదన్నాను. ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒకసారి చూశానంతే, అది కూడా ఎవరో చేసి అద్దాల బీరువాలో పెట్టింది. ఆ అమ్మాయి తలూపి కూర్చుంది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు అదోలా ఉంది. ఏడేళ్లుగా చెప్తున్న పాఠం, ఒక్కసారి కూడా చెయ్యని పని.

వేసవి సెలవుల ముందే చిన్న ఎర్ర లేజర్, ఒక డబ్బా గాజు ప్లేట్లు, వాటిని కడిగే మందులు తెప్పించాను. ప్రిన్సిపాల్ మేడం పాత స్టోర్‌రూమ్ ఖాళీ చేయించి ఇచ్చారు. నేలమీది గది, కిటికీ ఒక్కటే. "ల్యాబ్‌లో ఇన్ని బల్లలు ఉండగా ఇంకో బల్ల ఎందుకమ్మా?" అని మాత్రం అడిగారు. ఎందుకో అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు. వెలుగు ప్లేటు మీద పడుతున్న ఆ కొద్ది సేపట్లో వస్తువు గానీ ప్లేటు గానీ తల వెంట్రుక మందంలో నూరో వంతు కదిలినా ఏమీ నమోదు కాదని పుస్తకంలో చదివాను. చదవడం వేరు, అదెంత తక్కువో కళ్లారా చూడడం వేరు.

బల్ల కదులుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. లేజర్ కిరణాన్ని రెండుగా చీల్చి, రెండు అద్దాలకు తగిలించి, మళ్లీ ఒకచోట కలిపితే గోడ మీద ఎర్రటి, నల్లటి చారలు పడతాయి. బల్ల నిలకడగా ఉంటే చారలు నిలబడతాయి, కదిలితే కదులుతాయి. ల్యాబ్‌లో అన్నిటికన్నా బరువైన టేకు బల్లను నలుగురం మోసుకొచ్చి, దాని మీద అద్దాలు అమర్చాను. చారలు కనిపించలేదు. గోడ మీద ఎర్రటి మరక ఒకటి వణుకుతూ ఉంది, అంతే. చారలు ఉన్నాయి కానీ కంటికి ఆననంత వేగంగా ఊగుతున్నాయని కాసేపటికి అర్థమైంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లో కూర్చుని గోంగూర తెంపుతోంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. పక్కన కూర్చుని కాడలు తెంపుతూ జరిగిందంతా చెప్పాను. హోలోగ్రామ్ అంటే ఏమిటో ఆమె అడగలేదు. నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్కే పట్టుకుంది.

"బల్ల కదిలితె గోడ మీద కనపడ్తదా? ఎంత కొంచెం కదిలినా?"

"అవునక్కా. పక్క గదిలో ఎవరన్నా నడిచినా కనిపిస్తుంది."

ఆమె చేతిలోని కాడ పక్కన పెట్టింది. "నాకు చూపిస్తరా?"

తర్వాతి వారపు సెలవు రోజున కాలేజీకి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చేతి సంచిలో స్క్రూడ్రైవర్, రసమట్టం పెట్టుకుని వచ్చింది. గదిలోకి వచ్చాక బల్ల వైపు చూడనే లేదు. సుత్తి అడిగి, దాని పిడితో నేల మీద అక్కడక్కడా తట్టుకుంటూ గదంతా తిరిగింది. కిటికీ కింద తట్టి, "ఇక్కడ బోలు" అంది. తూర్పు మూల దగ్గర తట్టి, "ఇక్కడ గట్టిగున్నది. కింద రాయి తగిలినట్టున్నది" అంది. ఆ తర్వాతే బల్లను చూసి నవ్వింది.

"కర్ర బల్లకు బరువేడిది మేడం? పంపు కింద ఏమేస్తరు? సిమెంటు దిమ్మె. బరువున్నది జల్దీ కదలది. కదిలినా మెల్లగ కదుల్తది."

బరువైనది కావాలంటే మాకు ఖమ్మం ఉంది. అక్కడ గ్రానైట్ కోసే చోట మా మేనమామ పనిచేస్తాడు. ఒక మూల విరిగి పక్కన పడేసిన పలక ఉందన్నాడు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, జానెడుకు కాస్త తక్కువ మందం. ట్రాలీ ఆటోలో పంపుతానంటే అక్క ఫోను నా చేతిలోంచి తీసుకుని ఆయనతో తనే మాట్లాడింది. "పండుకోబెట్టొద్దన్నా. నిలబెట్టి, రెండు దిక్కుల గోనె సంచులు కుక్కి తాడు కట్టుండ్రి. పండుకోబెడ్తె గుంతల్ల ఇరుగుతది." ఏన్కూరు మీదుగా ఆ గతుకుల దారంతా పలక నిలబడే వచ్చింది. చిన్న పెచ్చు కూడా ఊడలేదు.

బల్ల కట్టడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆమె సెలవు రోజుల్లో, షిఫ్టు అయిపోయిన సాయంత్రాల్లో కట్టాం. తూర్పు మూలన గట్టి సిమెంటు ఇటుకలు పేర్చి, వాటి మీద పాత తివాచీ ముక్క పరిచి, దాని మీద నాలుగు స్కూటర్ ట్యూబులు పెట్టి, ఆ పైన కూలీలతో పలక ఎత్తించి ఆనించాం. ట్యూబుల్లోని గాలి, కింది నుంచి వచ్చే అదురును పలక దాకా పోనివ్వదు. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను. ట్యూబుల్లో గాలి ఎంత ఉండాలో పుస్తకంలో లేదు. నేను గట్టిగా కొట్టించాను. పలక మీద వేలు పెడితే చాలు, చాలాసేపు ఊగుతూనే ఉంది.

"గాలెక్కువైతె గిట్లనే ఎగుర్తది" అంటూ అక్క ఒక్కో ట్యూబు మూతి దగ్గర వేలు పెట్టి గాలి వదిలింది. వదలడం, పలక అంచు మీద అరచెయ్యి ఆనించి ఆగడం, మళ్లీ కొంచెం వదలడం. రసమట్టంలో బుడగ నడిమధ్యకు వచ్చేదాకా నాలుగు మూలలూ అలా చుట్టి వచ్చింది. చివరికి పలకను తట్టి చూస్తే ఒక్కసారి మెత్తగా వంగి, లేచి, ఆగిపోయింది. "ఊపు సచ్చింది" అంది సంతోషంగా.

అద్దాలు నిలబెట్టడానికి పాల డబ్బాల్లో గోదావరి ఇసుక నింపి, అందులో ప్లాస్టిక్ పైపు ముక్కలు గుచ్చాం. ఇసుకను కూడా ఆమే జల్లించి, ఎండబెట్టి తెచ్చింది. అన్నీ అమర్చి లేజర్ వెయ్యగానే గోడ మీద చారలు పడ్డాయి. నా జన్మలో అంత అందమైన చారలు చూడలేదు. వేలి మందాన ఎర్రటి చార, నల్లటి చార, మళ్లీ ఎర్రటి చార. నిలబడలేదు గానీ కనిపించాయి. అటూ ఇటూ ఈదుతున్నాయి.

అక్క స్టూలు లాక్కుని గోడకు ఎదురుగా కూర్చుంది. గంటసేపు లేవలేదు. నేను బయటికి వెళ్లి పేపర్లు దిద్దుకుని వచ్చేసరికి అదే స్టూలు మీద అలాగే ఉంది. నన్ను చూసి వేలితో చారలు చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"గీ పెద్ద ఊపు చూసిండ్రా, మెల్లగ పొయ్యి మెల్లగ వచ్చె. అది రోడ్డు మీద బొగ్గు లారీ. ఇప్పుడు టక్కున కొట్టుకున్నది మనిషి నడక, వరండల ఎవరో పోతున్నరు. ఇవి రెండు గాక ఇంకోటున్నది. సన్నగ, ఎడతెగకుండ వణుకుతనే ఉన్నది. అది మోటరు. ఎక్కడ్నో మోటరు తిరుగుతున్నది మేడం."

వరండాలోకి తొంగిచూశాను. అటెండరు వెళ్తున్నాడు. నేను ఎమ్మెస్సీ చదివి, ఏడేళ్లు పాఠం చెప్పి, ఆ చారలను చూసి అవి కదులుతున్నాయని మాత్రమే చెప్పగలిగాను. ఆమె ఒక్క గంటలో వాటిని చదవడం నేర్చుకుంది.

మోటరును కూడా ఆమే పట్టుకుంది. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని గోడలు, స్తంభాలు, వరండా నేల ఒక్కొక్కటే వింటూ వెళ్లింది. పిల్లలు తాగే చల్లనీళ్ల కూలర్ దగ్గర ఆగింది. కూలర్ కాళ్లు నేరుగా నేల మీద ఆని ఉన్నాయి. ఎండాకాలం దాన్ని ఆపడానికి వీల్లేదు. మర్నాడు అరిగిపోయిన బెల్టు ముక్కలు తెచ్చి కాళ్ల కింద మడతలు పెట్టింది. గోడ మీద ఆ సన్న వణుకు ఆగిపోయింది.

అయినా మొదటి మూడు ప్లేట్లూ పోయాయి. మందుల్లో కడిగి ఆరబెట్టి చూస్తే వట్టి గాజు. కారణం రోడ్డు. బొగ్గు లారీలకు పగలూ రాత్రీ తేడా లేదు. ఒకటి పోయి ఇంకొకటి వచ్చే సందులో మాకు కావలసిన ఇరవై సెకన్లు ఎప్పుడూ దొరకలేదు. లారీలు లేని నిమిషంలో గనిలో భారీ యంత్రం ఏదో ఒకటి కదిలేది.

ఆ రోజుల్లోనే నేను చెయ్యకూడని పని ఒకటి చేశాను.

ప్రాక్టికల్ పరీక్షలకు బయటి నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వచ్చారు. రిటైరైనా ఇంకా పరీక్షలకు తిరుగుతుంటారు. ప్రిన్సిపాల్ మేడం ఆయన్ని మా గదికి తీసుకొచ్చారు. అక్క సెలవు పెట్టి వచ్చి ట్యూబుల పక్కన గొంతుక్కూర్చుని గాలి చూస్తోంది. ఆయన చారలను చూసి ఆశ్చర్యపోయారు. ఇటుకలు, తివాచీ, ట్యూబులు, ఇసుక డబ్బాలు అన్నీ వంగి వంగి చూశారు.

"ఇంత తక్కువ సామానుతో ఇంత నిలకడ నేను చూళ్లేదమ్మా. ఎవరి డిజైను ఇది?"

"నాదే సార్" అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. వచ్చేసింది. ఆయన నన్ను మెచ్చుకుని, చెమట తుడుచుకుంటూ అక్క వైపు తిరిగి, "కాసిని మంచినీళ్లు తెచ్చిపెట్టమ్మా" అన్నారు. అటెండరు అనుకున్నారు. నేను అప్పుడైనా నోరు తెరవలేదు. అక్క లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, కూలర్ దగ్గరికి వెళ్లి గ్లాసు నిండా నీళ్లు పట్టుకొచ్చి ఇచ్చింది.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే పలకరించింది. అది నన్ను ఇంకా బాధపెట్టింది. పొద్దున ఆమె షిఫ్టుకు బయల్దేరేముందు వాకిట్లో పట్టుకున్నాను.

"నిన్న అబద్ధం చెప్పానక్కా. ఆ బల్ల నీది."

ఆమె చెప్పులు వేసుకుంటూ ఆగింది. "అవ్, విన్న."

రెండో చెప్పు కూడా తొడుక్కుని అంది. "నీళ్లు ఇచ్చుడు నాకేం నామోషి కాదు. వర్క్‌షాపుల గూడ నేను విప్పి బిగించిన పంపుకు ఇంకొకలు సంతకం పెడ్తరు. అలవాటే. కని నువ్వు గట్లంటవనుకోలె బిడ్డా."

అప్పటిదాకా మేడం అంటూ మీరు అనేది. ఆ ఒక్క మాటలో నన్ను బిడ్డను చేసి తిట్టింది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ రోజే ప్రొఫెసర్ గారికి ఫోన్ చేశాను. బల్ల ఎవరు కట్టారో, నేల తట్టిన దగ్గర్నుంచి కూలర్ దాకా అంతా చెప్పాను. "ఆవిడనా నేను నీళ్లు అడిగింది?" అన్నారాయన. ఆమెతో మాట్లాడాలన్నారు. సాయంత్రం ఫోను ఆమె చేతికిచ్చాను. ఆయన ఏమన్నారో నాకు వినిపించలేదు. ఆమె మాత్రం, "అయ్యో, దానికేంది సార్" అని, కాసేపటికి, "ట్యూబులల్ల గాలి వారానికోసారి చూసుకోవాలె సార్, ఎండకు పెరుగుతది" అని ఆయనకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. పావుగంట మాట్లాడుకున్నారు.

ఫోను నాకిస్తూ, "మంచోడే" అంది. ఇంకోమాట కూడా అంది. అదే మా పని దారిన పెట్టింది.

"సార్ అడిగిండు, మీ ఊర్ల అన్నిటికన్న నిమ్మలంగ ఉండే టైం ఏదమ్మా అని. చెప్పుకుంట చెప్పుకుంట నాకు తట్టింది. బ్లాస్టింగు ముందట."

గనిలో రాయి పగలగొట్టడానికి రోజూ మధ్యాహ్నం మందు పేలుస్తారు. ఆ పేలుడుకు మా ఊళ్లో గిన్నెలు కదులుతాయి. అందుకే ఆ వేళకు నేను గది తాళం వేసి వెళ్లిపోయేదాన్ని. ఆమె చెప్పింది వేరు. పేల్చే ముందు సైరన్ మోగుతుంది. మోగాక యంత్రాలన్నీ వెనక్కి తెచ్చి ఆపేస్తారు. మనుషులు దూరం వెళ్లిపోతారు. గని పక్క రోడ్డు మీద రెండు వైపులా లారీలను నిలిపేస్తారు. పేలేదాకా ఒక్క చక్రం తిరగదు.

"రోజు మొత్తంల భూమి ఊపిరి పట్టేది అప్పుడే" అంది.

మర్నాడు ఆమె పనిలో ఉంది. నేనొక్కదాన్నే గదిలో చారల ముందు కూర్చున్నాను. సైరన్ మోగింది. చారలు ఇంకా ఈదుతున్నాయి. కొన్ని నిమిషాలు గడిచాయి. ఈదడం నెమ్మదించింది. తర్వాత, నేను చూస్తుండగానే, చారలు గోడకు రంగేసినట్టు నిలబడిపోయాయి. ఊపిరి తీసుకోవడానికి భయమేసింది. లెక్కపెట్టాను. నూట అరవై దాకా వచ్చాక పేలుడు వినిపించింది, గోడ మీద అంతా చెదిరిపోయింది. నూట అరవై! మాకు కావలసింది ఇరవై. పరుగెత్తి ఆమెకు ఫోన్ చేశాను. వర్క్‌షాపు చప్పుడులో నా మాట ఆమెకు వినిపించలేదు, అయినా నా అరుపును బట్టి తెలిసిపోయిందట.

ఆమె సెలవు రోజు కోసం ఆగాం. ఆమె లేకుండా చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. దేని హోలోగ్రామ్ తీద్దామని అడిగితే, సంచిలోంచి కాగితంలో చుట్టిన బేరింగు తీసింది. తను మొదటిసారి ఒంటరిగా విప్పి బిగించిన పంపులోదట, అరిగిపోతే తీసి దాచుకుంది. గుండ్లు కదలకుండా జిగురు పెట్టి బిగించింది. బాగా కనిపించడానికి కొంచెం తెల్లరంగు వేద్దామన్నాను. "దానికి రంగెందుకు? కిరోసిన్‌తోని కడిగిన, సాలు" అంది.

బేరింగును కొంచెం ఏటవాలుగా నిలబెట్టి అతికించాం. లేజర్‌ను గంట ముందే వేసి ఉంచాం. ఫ్యాను ఆపేశాం, కిటికీకి నల్లగుడ్డ కట్టాం. ప్లేటుకు అంటని సన్నటి పచ్చదీపం వెలుగులో దాన్ని తీసి బేరింగుకు ముందు నిలబెట్టాను. లేజర్‌కు అడ్డంగా నల్ల అట్ట ఉంది. ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎండాకాలం మధ్యాహ్నం, మూసిన గది. ఒళ్లంతా చెమట కారుతోంది. తుడుచుకోవడానికి కూడా కదల్లేదు.

సైరన్ మోగింది. ఆగాం. చారలు చూసే వీల్లేదు కదా, ప్లేటు ఉన్నప్పుడు ముందే లేజర్ వెలుగు పడకూడదు. భూమి ఆగిందని ఎలా తెలుస్తుందని నేను ముందే అడిగితే, "నేను చెప్త" అంది. ఇప్పుడు ఆమె అరచెయ్యి నేల మీద ఆనించి కళ్లు మూసుకుంది. ఆ సన్నని పచ్చ వెలుగులో ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి తలూపింది. నేను అట్టను పలకకు తగలకుండా పైకెత్తి, వెలుగుకు అడ్డంగానే పట్టుకుని కొంచెం ఆగి, తీసేశాను. ఎర్ర వెలుగు బేరింగు మీద పడింది. నోటితో లెక్కపెడితే గాలి కదులుతుందని ఆమె వేళ్లు మడిచింది. ఒక చెయ్యి, రెండో చెయ్యి, మళ్లీ ఒక చెయ్యి, మళ్లీ రెండో చెయ్యి. అట్ట అడ్డం పెట్టేశాను. ఇద్దరం ఒక్కసారే ఊపిరి వదిలాం. కాసేపటికి పేలుడు వినిపించి, పలక ట్యూబుల మీద మెత్తగా ఊగి ఆగింది.

ప్లేటును మొదటి మందులో ముంచితే నల్లబడింది. రెండో దాంట్లో మళ్లీ తేటపడింది. నీళ్లలో కడిగి దీపం కింద పెట్టి చూశాను. ఏమీ లేదు, వట్టి గాజు.

"పోయిందక్కా" అన్నాను.

"తడి ఆరనియ్యుండ్రి" అంది ఆమె. ఆరితే ఏమవుతుందో ఆమెకు తెలిసి అనలేదు, నన్ను ఊరడించడానికి అంది. కానీ నిజం అదే. తడిసి ఉబ్బిన పూత ఆరేదాకా బొమ్మ కనిపించదు. చదివిందే, ఆ కంగారులో మరిచిపోయాను. తీగకు క్లిప్పుతో తగిలించి వరండాలో కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో గాని, లోపలికి వెళ్లి నేను టార్చి వేసేసరికి గాజు వెనక, చేత్తో పట్టుకునేంత స్పష్టంగా, ఆరి ముడుచుకున్న పూత వల్ల ఎరుపుకు బదులు పసిమి కలిసిన పచ్చరంగులో బేరింగు నిలబడి ఉంది.

ఆమె దగ్గరికి వచ్చింది. ప్లేటు వెనక ఏమన్నా ఉందేమోనని చెయ్యి పెట్టి తడిమింది. అసలు బేరింగు ఇంకా బల్ల మీదే ఉంది. తల ఎడమకు వంచింది, కుడికి వంచింది. మునివేళ్ల మీద లేచి పైనుంచి చూసింది. రింగు అంచు వెనక దాగిన గుండ్లు, ఆమె తల జరిపినకొద్దీ ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"తొమ్మిది" అంది. "అన్నీ ఉన్నయ్."

నేను ఏడ్చానని ఇంటికెళ్లాక ఆమె పక్కింటి వాళ్లకు చెప్పింది. నిజమే. కానీ అది చెప్తున్నప్పుడు తన కళ్లు ఎలా ఉన్నాయో ఆమె చూసుకోలేదు.

సెలవుల తర్వాత పిల్లలు వచ్చారు. క్లాసులో నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి తన కాలి పట్టీ తెచ్చింది, ఇంకొకతె ఇప్పగింజ తెచ్చింది. సైరన్ వేళకు నలుగురు నలుగురుగా గదిలో కూర్చునేవాళ్లు. కొన్ని వచ్చాయి, చాలా పోయాయి. ప్రిన్సిపాల్ మేడం ఒక శనివారం అక్కను పిలిపించి పిల్లలతో మాట్లాడించారు. ముందు నాకేం వస్తదని సిగ్గుపడింది. తర్వాత గంటన్నర మాట్లాడింది. యంత్రం చెడిపోయే ముందు ఎలా అదురుతుందో, ఆ అదురు ఎక్కడి నుంచి వస్తుందో వెతుక్కుంటూ ఎలా వెళ్లాలో చెప్పింది. నేను వెనక బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నాను.

ఆ మరుసటి ఏడాది నాకు ఖమ్మం బదిలీ అయింది. ఇక్కడి కాలేజీలోనూ అలాంటి బల్ల కట్టమన్నారు. ఈసారి పలక మరీ దగ్గర్లోనే దొరుకుతుంది, ట్యూబులు, ఇసుక సిద్ధం. అన్నీ వచ్చేశాయన్న ఉత్సాహంతో పోయిన వారం అక్కకు ఫోన్ చేశాను. మొత్తం విన్నాక, "అవన్ని తర్వాత. ముందు నేల సంగతి చెప్పుండ్రి" అంది.

"గట్టిగానే ఉన్నట్టుందక్కా."

"ఉన్నట్టుంది కాదు. తట్టి చూసిండ్రా? పక్కన ఏముంది? రైలు పట్టాలు ఎంత దూరం? చుట్టుపక్కల రాళ్లు కోసే మిషిన్లున్నయా? ఎన్ని గంటలకు ఆపుతరు?"

ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వస్తానంది, ఈలోపు ఇవన్నీ కనుక్కుని ఉంచమంది. ఫోను పెట్టేసి, అటెండరును అడిగి సుత్తి తీసుకుని, కాలేజీ చుట్టూ తిరగడానికి బయల్దేరాను.